లాటిన్ ధాతువులతో ఇంగ్లిష్ పదసంపద: జీఆర్ఈ వర్బల్‌కు నాకు పనికొచ్చినదీ, రానిదీ

మీరు అడిగినది ఇది: ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నారు, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, విదేశాల్లో పీజీ ప్రవేశానికి రాసే జీఆర్ఈకి నాలుగు నెలల వ్యవధి ఉంది, మాక్ టెస్టుల్లో వర్బల్ (ఇంగ్లిష్ భాషా విభాగం) మార్కు 144 దగ్గరే ఆగిపోతోంది, రోజుకు యాభై చొప్పున వల్లెవేసిన మాటలు వారం తిరిగేసరికి గుర్తుండడం లేదు, లాటిన్ ధాతువులు, అంటే ఇంగ్లిష్ మాటలకు మూలమైన లాటిన్ ముక్కలు, నేర్చుకుంటే ఈ బాధ తీరుతుందా, తీరేటట్లయితే ఎన్ని నేర్చుకోవాలి? నేనూ మన విశాఖపట్నంలోనే, గాజువాకలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఆ పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి వర్బల్‌లో 146, పద్నాలుగు నెలల తరువాత 158 వచ్చాయి. ఆ అనుభవం కొద్దీ చెబుతున్నాను. ధాతువులు పనికొస్తాయి, కానీ మీరు ఆశిస్తున్న విధంగా కాదు. తెలియని మాటకు అర్థం ఊహించడానికి ధాతువును నమ్ముకుంటే దెబ్బ తింటారు. ఒకసారి తెలుసుకున్న మాట జారిపోకుండా కట్టి ఉంచడానికి మాత్రం అంతకు మించిన గుంజ నాకు దొరకలేదు.

మొదటిసారి నేను ద్వారకానగర్‌లో ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. అందులో మూడు వేలకు పైగా మాటలు అక్షరక్రమంలో ఉన్నాయి. అబేస్, అబాష్, అబేట్, అబెట్ అన్నీ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి ఉంటే, ఏది తగ్గడమో ఏది ఉసిగొల్పడమో సాయంత్రానికే కలగాపులగం అయిపోయేది. అటువంటి పట్టికలు వ్యతిరేకపదాలూ, పదాల మధ్య పోలికలూ విడిగా అడిగిన కాలానివి. ఆ రెండు రకాల ప్రశ్నలనూ 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు మాట అర్థం నేరుగా అడగరు. వాక్యంలో ఖాళీ పూరించమంటారు, లేదా ఆరు ఆప్షన్లలో నుంచి వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు మాటలు ఎంచుకోమంటారు, మిగిలినవి పేరాలు చదివి జవాబివ్వవలసినవి. 2023 సెప్టెంబరు నుంచి వర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అంటే ప్రశ్నకు సగటున ఒకటిన్నర నిమిషం. అక్కడ కూర్చుని మాటను ముక్కలు చేసి చూసుకునే తీరిక ఉండదు.

ఆ కేంద్రంలోనే ధాతువుల కాగితం ఒకటి ఇచ్చారు. రెండు వైపులా సన్నటి అక్షరాలతో వంద పైచిలుకు ధాతువులు, ఒక్కొక్కదాని ఎదురుగా ఒకే ఒక్క అర్థం. అందులో 'టెన్' అంటే పట్టుకోవడం అని ఉంది. టెనేషియస్ అంటే పట్టిన పట్టు విడవనిది, టెనబుల్ అంటే నిలబెట్టుకోదగినది, అంతవరకు నిజమే. తరువాతి వారం మాక్ టెస్టులో, ఇద్దరి మధ్య సంబంధానికి ఆధారం ఒక పుకారు మాత్రమేనని చెప్పే వాక్యంలో ఆ సంబంధం ఎటువంటిదో పూరించవలసి వచ్చింది. ఆప్షన్లలో టెన్యువస్ ఉంది. 'టెన్' అంటే పట్టు కదా, గట్టి సంబంధం అని అర్థం కాబోలు అనుకుని దాన్ని కొట్టేసి ఇంకేదో పెట్టాను. సరైన జవాబు అదే. ఆ మాటకు మూలం పట్టుకోవడం అనే క్రియ కాదు, 'టెనుయిస్', అంటే పలుచనిది, సన్ననిది. మన కావ్యాల్లో సన్నని నడుము గల స్త్రీని తన్వి అంటారు చూడండి, అందులోని సంస్కృత 'తను' శబ్దానికీ ఈ 'టెనుయిస్'కూ మూలం ఒకటే. ఆ సంగతి తెలిసిన తరువాత ఆ మాటను మళ్లీ మరచిపోలేదు.

ఇటువంటి ఉచ్చులు చాలా ఉన్నాయి. 'సెడ్' అంటే కూర్చోవడం. సెడెంటరీ, సెడిమెంట్ దాని సంతానమే. కానీ రాజద్రోహాన్ని చెప్పే సెడిషన్‌లో ఉన్నది విడిపోయి వెళ్లడం, శ్రద్ధగా పనిచేసేవాడిని చెప్పే సెడ్యులస్‌లో ఉన్నది కపటం లేకపోవడం. 'పోర్ట్' అంటే మోయడం అని నేర్చుకున్నవాడు, రాబోయే కీడుకు సూచన అయిన పోర్టెంట్ దగ్గర బోల్తా పడతాడు. పరీక్ష తయారుచేసేవారికి మన తొందరపాటు బాగా తెలుసు. అందుకే నేను పెట్టుకున్న నియమం: నిఘంటువులో వ్యుత్పత్తి, అంటే మాట పుట్టుక, చూడకుండా ఏ మాటనూ ఏ ధాతువు కిందా రాయకూడదు. పౌర గ్రంథాలయంలో కూర్చుని పెద్ద నిఘంటువు తిరగేసేవాడిని. ఇప్పుడు మీకు ఆ శ్రమ లేదు, ఫోనులోనే మంచి నిఘంటువులు వ్యుత్పత్తితో సహా దొరుకుతున్నాయి.

నా పద్ధతి మారడానికి కారణం మాత్రం భీమిలిలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా పెదనాన్నగారు. పండక్కి వెళ్లినప్పుడు కూడా ఆ కాగితం పట్టుకుని సణుగుతుంటే, ఏమిటది అని అడిగారు. 'గ్రెగ్' అంటే మంద అనీ, కాంగ్రెగేట్ అంటే గుమిగూడడం, సెగ్రిగేట్ అంటే వేరుచేయడం, అగ్రిగేట్ అంటే ఒకచోట చేర్చిన మొత్తం అనీ చెప్పాను. ఆయన నవ్వి, "ఒరే, ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అని ఎనిమిదో తరగతిలోనే చెప్పానుగదరా. 'హృ' ధాతువు ఒకటే, ముందు ఉపసర్గ మారితే అన్నం కాస్తా చావు అవుతుంది. నీకు రానిదేముంది ఇందులో?" అన్నారు. ఆయనకు లాటిన్ ఒక్క ముక్క రాదు. కానీ తెలుగు మాధ్యమంలో చదివినవాడికి ఇది కొత్త విద్య కాదని నాకు తట్టింది ఆ పూటే.

సంధుల విషయమూ అంతే. ఇన్ అనే నిషేధానికి తరువాత లిసిట్ వస్తే ఇల్లిసిట్ అని రాతలో రెండు ఎల్‌లు ఎందుకు పడతాయో, కలోక్వియల్‌లో కామ్ అనే ఉపసర్గ ఎక్కడ దాక్కుందో ఆ కాగితంలో లేదు. ఉత్ ప్లస్ లాసం ఉల్లాసం అయిందనీ, సత్ ప్లస్ జనుడు సజ్జనుడు అయ్యాడనీ తెలిసినవాడికి ఆ ముసుగు తీయడం కష్టమేమీ కాదు. ముందున్న హల్లు వెనుకనున్న హల్లులో కలిసిపోయింది, అంతే.

ఇక నా నోటుపుస్తకంలో ఒక పేజీ ఎలా ఉండేదో చూపిస్తాను. పైన 'స్పెక్, స్పిక్: చూడడం' అని రాసి, పక్కన ఎర్ర సిరాతో 'స్పష్టం' అని రాసుకున్నాను. స్పష్టం అన్న మాటలోని సంస్కృత ధాతువుకూ చూడడమనే అర్థమే, ఈ లాటిన్ ధాతువుకు అది చుట్టమే. దాని కింద మొదట పర్‌స్పిక్యువస్. అంటే సరిగ్గా స్పష్టమైనదే. దానికి పక్కింటిది పర్‌స్పికేషియస్, అంటే లోతుగా చూడగలవాడు; ఒకటి మాటకో రాతకో వాడతారు, రెండవది మనిషికి. సర్కమ్‌స్పెక్ట్ అంటే చుట్టూ చూసేవాడు, మనం ముందూ వెనకా చూసుకునే మనిషి అంటాం. డెస్పికబుల్‌లో ఉన్నది కిందకు చూడడం, తెలుగులో చిన్నచూపు. స్పీషస్ అంటే చూపుకు ఇంపుగా ఉండి లోపల సరుకు లేని వాదన. దానికి 'పైన పటారం, లోన లొటారం' అని రాసుకున్నాను. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఆస్పిషస్. అందులో ముందున్నది 'ఆవిస్', అంటే పక్షి. రోమన్లు పక్షులు ఎగిరే తీరు చూసి పని మొదలుపెట్టాలో వద్దో తేల్చుకునేవారు. మన శకునం అన్న మాటకు సంస్కృతంలో మొదటి అర్థం పక్షే! పేజీకి ఏడెనిమిది మాటలు దాటనిచ్చేవాడిని కాదు, ప్రతి మాట కింద నేను చదివిన వాక్యం ఒకటి తప్పకుండా ఉండాలి.

ఈ చుట్టరికం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. సంస్కృతానికీ లాటిన్‌కూ పోలిక ఉందని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పిన మాట ప్రసిద్ధమే. తెలుగు ఆ కుటుంబానికి చెందదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు. కాబట్టి మనకు ఉపయోగపడేవి తెలుగులోకి వచ్చిన సంస్కృత పదాలే తప్ప ఇల్లు, చెట్టు, నీరు కావు. శబ్దం కలిసిందని ఎక్కడపడితే అక్కడ బంధుత్వం కలిపే వీడియోలు చాలా తిరుగుతున్నాయి, వాటి జోలికి పోకండి. నిజంగా కలిసేవే కావలసినన్ని ఉన్నాయి: నిద్ర తెప్పించే సోపరిఫిక్‌కు స్వప్నం, చావుకు దగ్గరైన మోరిబండ్‌కు మరణం, ఇగ్నైట్‌కు అగ్ని, రిజువనేట్‌కు యువకుడు, సెడెంటరీకి సదనం. లోబరుచుకోవడం అనే సబ్జుగేట్‌లో ఉన్నది కాడి కిందకు తేవడం. సంస్కృతంలో యుగం అన్న మాటకు కాడి అనే అర్థం కూడా ఉంది.

కొన్ని మాటలకు ఊరే సాయపడింది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుంటే, రేవులోకి పిలుపు కోసం దూరంగా లంగరు వేసుకుని నిలిచిన ఓడలు మీకూ కనిపిస్తూనే ఉంటాయి. ఆపర్చూన్ అన్న మాట అటువంటి ఓడదే: రేవు వైపుకు వీచే గాలి, అంటే సమయానికి అందివచ్చినది. దానికి ఎదురు నిలిచే ఇంపార్చునేట్ రేవు దొరకనిదాని వంటిది. అదను పదను లేకుండా అడిగిందే అడిగి ప్రాణం తీసేవాడికి వాడతారు. మన విశాఖ రేవు తెరుచుకున్నది 1933లో. తెరచాప ఓడల కాలం అప్పటికే దాటిపోయింది గానీ, గాలి కోసం ఎదురుచూపు ఎటువంటిదో ఊహించడానికి ఆ ఓడలు చాలు. ఆ రెండు మాటలూ నేను ఎక్కడా రాసుకోకుండానే గుర్తుండిపోయాయి.

ధాతువు తెలిసినా అర్థం దారి తప్పిన మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఇగ్రీజియస్ అంటే మంద నుంచి వేరుగా నిలిచినది. ఒకప్పుడు ఘనమైనది అనే అర్థంలో వాడేవారు, ఇప్పుడు ఘోరమైన తప్పుకే వాడుతున్నారు. మన సాహసం దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. ధర్మశాస్త్రాల్లో సాహసం అంటే బలాత్కారంతో చేసే నేరం. మనకు అది మెచ్చుకోలు. పక్కపక్కన రాసుకుంటే రెండూ గుర్తుంటాయి.

ధాతువులకు అసలు అందని మాటలూ ఉన్నాయి. గ్లిబ్, విలీ వంటి పొట్టి మాటలకు విడదీయడానికి ఏమీ ఉండదు. వాటిని వాక్యాల్లో పదే పదే చూడడమే మార్గం. మిసాంత్రోప్ వంటివి గ్రీకువి, వాటికి వేరే పది ధాతువులు చాలు. లకానిక్, మావెరిక్ వంటి వాటికి ఊరి కథో మనిషి కథో ఉంటుంది, అది చదివితే చాలు.

ఎన్ని అన్నారు కదా. నా లెక్కలో నలభై లాటిన్ ధాతువులు, పదిహేను ఉపసర్గలు, ఆ పది గ్రీకువి. వందకు పోతే పట్టిక వల్లెవేయడమే మళ్లీ మొదలవుతుంది. నేను ఉదయం ఒక ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయమో, విజ్ఞాన వ్యాసమో చదివి, తెలియని మాటల్లో అయిదింటిని మాత్రమే ఏరేవాడిని. వ్యుత్పత్తి చూసి, ధాతువు ఏ పేజీదైతే ఆ పేజీలో వాక్యంతో సహా ఎక్కించేవాడిని. రాత్రి ఎడమవైపు మాట మూసి, వాక్యం మాత్రమే చూసి మాట గుర్తుచేసుకునేవాడిని. పరీక్షలో వచ్చేది ఖాళీతో వాక్యం కాబట్టి సాధన కూడా ఆ దిక్కు నుంచే జరగాలి. మొదటి నెలలో మార్కు కదలలేదు. రెండో నెల చివర మాక్ టెస్టులో 151 చూశాను. ఆ పెరుగుదల అంతా ధాతువులది కాదు, పేరాలు చదివే వేగం కూడా అప్పుడే పెరిగింది.

మీ దగ్గరా అటువంటి జిరాక్స్ పుస్తకం ఉంటే పారేయకండి. చదవడానికి కాకుండా సరిచూసుకోవడానికి వాడండి: మీరు పత్రికలో ఏరిన మాట అందులో ఉంటే దాని పక్కన టిక్ పెట్టండి. నా పుస్తకంలో చివరకు పడిన టిక్‌లు ఏడు వందల చిల్లర, మిగిలిన మాటలు ఈనాటికీ నాకు రావు.