తక్కువ దూరాలకు విమానమా, హైస్పీడ్ రైలా?

దగ్గరి నగరాల మధ్య విమానం కన్నా హైస్పీడ్ రైలే త్వరగా చేరుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే, గాలిలో గడిపే సమయాన్ని కాక ఇంటి గుమ్మం నుంచి గమ్యం దాకా పట్టే మొత్తం సమయాన్ని లెక్కించాలి. విమానం ఎగిరేది గంటే అయినా, ఊరి బయటి విమానాశ్రయానికి చేరడం, భద్రతా తనిఖీ, గేటు దగ్గర నిరీక్షణ, దిగాక సామాను కోసం బెల్టు పక్కన నిలబడటం కలిస్తే సగం పూట గడిచిపోతుంది. రైలు సాధారణంగా నగరం నడిబొడ్డునే దింపుతుంది. స్పెయిన్‌లోని మాడ్రిడ్, బార్సిలోనా నగరాల మధ్య సుమారు 620 కిలోమీటర్లను రైలు రెండున్నర గంటల్లో దాటుతుంది కనుక, 2008లో ఆ మార్గం పూర్తయ్యాక విమాన ప్రయాణికుల్లో చాలామంది రైలుకు మళ్లారు. దూరం 1,000 కిలోమీటర్లు దాటితే మాత్రం మొగ్గు సాధారణంగా విమానం వైపే. రోజూ రైళ్లు నిండేంత రద్దీ లేని చోట, అంత ఖరీదైన మార్గం వేయడం దండగేనని నా అభిప్రాయం.