నడక మీద మీ ప్రశ్నలు: 22 కిలోల బ్యాగుతో ఆరు నెలలా?

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి. వయసు 27, రోజూ గంటసేపు జిమ్ చేస్తా. మార్చిలో ఉద్యోగం మానేసి అమెరికా వెళ్ళి అక్కడి కొండల మీదుగా పోయే అప్పలాచియన్ ట్రైల్ అనే నడక బాట మొత్తం ఒక్క విడతలో నడవాలని ఉంది. మా అక్కావాళ్ళు అట్లాంటాలో ఉంటారు, విజిటర్ వీసా కూడా వచ్చేసింది. బ్యాగు సర్ది తూకం వేస్తే 22 కిలోలు తూగింది. బూట్లు ఎలాంటివి కొనాలి, తిండి ఎలా (నేను అన్నం మనిషిని), రోజుకి ఎంత నడవాలి? అమ్మకేమో ఎలుగుబంట్ల టెన్షన్.

జవాబు: అమ్మ సంగతి ముందు తేల్చేద్దాం తమ్ముడూ. అక్కడివి నల్ల ఎలుగుబంట్లు, మన గజపతి జిల్లా అడవుల్లో తిరిగే ఎలుగంత దుడుకువి కావు, మనిషి అలికిడికి చాలావరకు తప్పుకుంటాయి. వాటికి కావలసింది నీ తిండి. రాత్రిపూట తిండీ, టూత్‌పేస్టూ టెంట్లో పెట్టుకోకుండా దూరంగా చెట్టుకి ఎత్తులో వేలాడదీయి, లేదా ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టు. నిజంగా భయపడాల్సింది పిడుదులకి. మన పశువులకి పట్టేవాటి జాతే గానీ, పిల్లవి గసగసం గింజంత ఉంటాయి, కుట్టినా తెలీదు. వాటివల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది, వర్జీనియా నుంచి పైకి పోయేకొద్దీ ఈ బెడద ఎక్కువ. సాయంత్రం ఆగగానే మోకాలి వెనక, చంకల్లో, నడుం దగ్గర, జుట్టు మొదట్లో వెతుక్కోవడం అలవాటు చేసుకో. ఒంటి మీద ఎర్రటి మచ్చ పెరుగుతున్నా, కారణం లేకుండా జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, కాబట్టి ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కకు.

ఇక లెక్క. జార్జియాలో స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ అనే రాష్ట్రంలో కటాడిన్ కొండ దాకా 14 రాష్ట్రాలు, సుమారు 3,500 కిలోమీటర్లు, మామూలుగా 5 నుంచి 7 నెలలు పడుతుంది. విజిటర్ వీసా మీద ఎన్నాళ్ళు ఉండొచ్చన్నది అక్కడ దిగాక అధికారి ఇచ్చే తేదీని బట్టి, సాధారణంగా 6 నెలలు. అక్క ఇంట్లో ఆగే రోజులూ, తిరుగు ప్రయాణం పోగా 170 రోజులు మిగిలాయనుకో, వారానికో రోజు విశ్రాంతి తీసేస్తే నడిచే ప్రతి రోజూ 24 కిలోమీటర్లు పడాలి. వానైనా, బురదైనా. మొదటి రెండు వారాలు నువ్వు 12, 15 మించి నడవకూడదు కూడా, ఎందుకంటే ఊపిరికీ కండకీ నెలలో బలం వస్తుంది గానీ మడమ నరాలకీ మోకాళ్ళకీ అంత తొందరగా రాదు, జిమ్ కుర్రాళ్ళు దెబ్బతినేది అక్కడే. మొత్తం నడుస్తామని బయల్దేరిన నలుగురిలో ఒక్కరే చివరికంటా వెళ్తారని ఆ బాట చూసుకునే సంస్థే చెబుతుంది. అందుకే నా మాట విని, ఆరు నెలల ప్లాను వేయకు. వర్జీనియాలో డమాస్కస్ అనే ఊరి దాకా సుమారు 750 కిలోమీటర్లు, అక్కడి వరకే ప్లాను చెయ్యి. మిగతాది అక్కడ కూర్చుని ఆలోచించుకోవచ్చు.

బ్యాగు దగ్గరికొద్దాం. స్ప్రింగర్ నుంచి 50 కిలోమీటర్ల దూరంలో నీల్స్ గ్యాప్ అనే చోట బాట ఒక రాతి కట్టడం మధ్యలోంచే పోతుంది. అక్కడ ట్రెక్కింగ్ సామాన్ల కొట్టు ఉంది, జనం వదిలేసిన బూట్లు అక్కడ గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. నీలాగా మోసుకొచ్చినవాళ్ళు అక్కడ బ్యాగు విప్పి, కొట్టువాళ్ళు వద్దన్నవన్నీ పోస్టులో ఇంటికి పంపేస్తారు. ఆ పనేదో పర్లాకిమిడిలో మంచం మీదే చేసెయ్, పోస్టు ఖర్చు మిగులుతుంది. జీన్స్, కాటన్ టీషర్టులు (తడిస్తే ఆరవు, చలిలో ప్రాణం మీదికి తెస్తాయి), మూడో జత బట్టలు, రెండో పవర్ బ్యాంకు, అన్నీ బయటికి. తిండీ నీళ్ళూ కాకుండా 8 కిలోలు దాటకూడదు, నాలుగు రోజుల తిండి, రెండు లీటర్ల నీళ్ళు కలిపినా 13, 14 దగ్గర ఆగాలి.

స్లీపింగ్ బ్యాగు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మార్చిలో జార్జియా కొండల్లో రాత్రి గడ్డకట్టే చలి, స్మోకీ పర్వతాల్లో ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుంది. మన వైపు కుర్రాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది: నీళ్ళ ఫిల్టరు ఒకసారి తడిశాక గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, పైకి ఏమీ కనపడదు, నీళ్ళు వస్తూనే ఉంటాయి, రోగం కూడా వస్తుంది. రాత్రి దాన్ని కవర్లో చుట్టి నీతోపాటే స్లీపింగ్ బ్యాగులో పెట్టుకో. చలికాలం చేతిలో ఉంది కదా, డిసెంబర్లో మన ఒడిశాలోనే బాగా చలి ఉండే దరింగ్‌బాడి వెళ్ళి ఒక రాత్రి ఆ బ్యాగులోనే బయట పడుకుని చూడు.

బూట్లు: తోలువి వద్దు, తేలికపాటి ట్రైల్ రన్నింగ్ షూస్, మామూలు కంటే ఒక సైజు పెద్దవి, పాదాలు ఉబ్బుతాయి. జత 600, 800 కిలోమీటర్లకి అరిగిపోతుంది, కాబట్టి నాలుగు జతలు ముందే కొనేయకు.

అన్నం మీద బెంగ అర్థమైంది. బియ్యం ఉడకడానికి గ్యాసు చాలా తింటుంది, ఆ గ్యాసు డబ్బా విమానంలో ఎక్కించనివ్వరు, అక్కడే కొనాలి. అటుకులైతే వేడినీళ్ళు చాలు. వేరుశెనగలు వంద గ్రాములకి 560 కేలరీల పైన, నెయ్యి 880 దాకా, రోజుకి 4,000 పైగా ఖర్చవుతుంటే ఇలాంటివే ఆదుకుంటాయి. ఒడియావాళ్ళ ఛతువా (వేయించిన గింజల పిండి) నాకు అన్నిటికంటే ఇష్టం, చన్నీళ్ళలో బెల్లంతో కలిపి తాగేస్తే పొద్దున్న పొయ్యి వెలిగించే పనే లేదు. ఆరు నెలల సరుకు మోసుకెళ్ళకు, మూడు నుంచి ఐదు రోజులకోసారి ఏదో ఒక ఊరు తగులుతుంది.

సాధనకి నీకు మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు, స్ప్రింగర్ కంటే ఎత్తు. అప్పలాచియన్‌లో ఎత్తు సమస్య కాదు, ఒకే రోజు రెండు మూడు కొండలు ఎక్కి దిగడం సమస్య, అందులోనూ దిగడం. 13 కిలోల బియ్యం బ్యాగులో వేసుకుని ఎక్కి, కుంతీ గుడి దగ్గర కాసేపు కూర్చుని, దిగు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఎక్కు. ఆ రెండో పొద్దున తొడలు ఏమంటాయో దాన్ని బట్టి నీకు ఎంత టైము కావాలో తెలుస్తుంది. అక్కడ మలేరియా ఉంది, రాత్రి ఉంటే దోమతెర మర్చిపోకు.

ప్రశ్న: మాది మహారాష్ట్రలో సిరొంచ, నాకు 49. మా అత్తయ్యతో కలిసి నర్మదా పరిక్రమ, అంటే నర్మద నది చుట్టూ ప్రదక్షిణ, కాలినడకన చేద్దామని ఉంది. ఇక్కడ గోదావరి ఒడ్డంతా చదునే, కొండే లేదు. ఎలా తయారవ్వాలి?

జవాబు: అక్కా, మీకు కొండ లేకపోవడం పెద్ద లోటు కాదు, పరిక్రమలో ఎక్కువ భాగం ఊళ్ళూ, పొలాలూ, తారు రోడ్డే. 2,600 కిలోమీటర్ల పైమాట, నది ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి, దాటకూడదు. దారిలో ఆశ్రమాలూ ఊరివాళ్ళూ తిండీ చోటూ ఇస్తారు కాబట్టి టెంటూ స్టవ్వూ అక్కర్లేదు, మీకు మరాఠీ, హిందీ వచ్చు కనక సగం ఇబ్బంది తప్పినట్టే. వానాకాలంలో నడక ఆపుతారు, కార్తీక ఏకాదశి తర్వాత బయల్దేరేవాళ్ళే ఎక్కువ. మీరు చెయ్యాల్సింది తారు రోడ్డు మీద, వేసుకెళ్ళబోయే బూట్లతోనే, వరసగా నాలుగైదు రోజులు పొద్దున్నే 15 కిలోమీటర్లు నడవడం. పొక్కులు ఎక్కడ లేస్తాయో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది, బయల్దేరాక అక్కడ ముందే టేపు వేసుకోవచ్చు. అత్తయ్యగారికి బీపీ, షుగర్ మందులుంటే చీటీ సహా రెండు సెట్లు చేసి, ఒకటి మీ సంచిలో పెట్టుకోండి.