వెంటిలేటర్ గొట్టంలో సెలైన్ పోయడం ఇకనైనా మానాలి

“ఐసీయూ నర్సులు పరిశోధనలు చెప్పినట్లు చేస్తారా, సీనియర్లు చూపినట్లు చేస్తారా?” అని ఒకరు నన్ను అడిగారు. తిరుపతిలో పదకొండేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నాను. సీనియర్లు చూపినట్లే చేస్తాం. నేనూ అదే చేశాను.

వెంటిలేటర్ మీదున్న రోగికి కఫం తీసే ముందు, శ్వాసనాళంలోకి వేసిన గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల సెలైన్ (ఉప్పునీళ్లు) పోయాలని మొదటి వారంలోనే నేర్పారు. కఫం పలచబడుతుందట! అది నీళ్లలో కలవనే కలవదు. పోసిన సెలైన్‌లో చాలా భాగం లోపలే ఉండిపోతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. ప్రతిసారీ అలా పోయవద్దని అమెరికా శ్వాస చికిత్సా నిపుణుల సంఘం 2010లోనే చెప్పింది. మా వార్డు దాకా ఆ మాట రాలేదు.

ఒకసారి శ్రీకాళహస్తి వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. రాత్రి నేల మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. ఆ విషం కండరాలను పడేస్తుంది గాని తెలివిని తాకదు. రెప్ప ఎత్తలేరు, వేలు కదపలేరు, అన్నీ వింటూనే ఉంటారు. చదువుకున్న విషయమే. అయినా కదలని మనిషి ముందు అది గుర్తుండదు. రోజూ సెలైన్ పోసి సక్షన్‌తో కఫం లాగాను. మానిటర్‌లో ఆక్సిజన్ 97 శాతం ఉన్నది 86కు పడేది. ఆయన కంటి కొసల నుంచి నీళ్లు కారేవి. కంట్లో వేసిన మందేనని దూదితో తుడిచేశాను.

ఆరో రోజు గొట్టం తీశారు. “అమ్మా, ఆ నీళ్లు పోసినప్పుడల్లా బావిలో మునిగిపోతున్నట్లు ఉండేది” అన్నారు, బొంగురు గొంతుతో.

ఆ రాత్రే మార్గదర్శకాలు వెతికి చదివాను. నాకైతే పరిశోధన పత్రాలన్నిటి కంటే ఆయన మాటే పెద్ద ఆధారం.

నర్సులు చదవరని నిందించేవారు ఒక్కసారి మా డ్యూటీకి వచ్చి చూడాలి. వెంటిలేటర్ మీద ముగ్గురు, నర్సు ఒక్కరు, నింపాల్సిన రిజిస్టర్లు ఐదు. వెంటిలేటర్ రోగుల నోటికి క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందు వద్దు, బ్రష్‌తో పళ్లు తోమండి అని 2022లో అమెరికా మార్గదర్శకాలు వచ్చాయి. మాకు మాత్రం ఆ మందు సీసాలే వస్తున్నాయి. బ్రష్ కావాలంటే రోగి బంధువులే కొనుక్కురావాలి. పది, ఇరవై రూపాయల వస్తువు!

కొత్తగా చేరిన పిల్లలకు నేను సెలైన్ సిరంజి అందించను. ముందు రోగి చెవి దగ్గరకు వంగమంటాను. “అయ్యా, కఫం తీస్తున్నాను, పదిహేను సెకన్లలో అయిపోతుంది” అని చెప్పాకే గొట్టం ముట్టుకోనిస్తాను.