తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే, రాస్తున్న మందు ట్యూబులో ఏముందో చూడండి

మీ తమ్ముడికి నడుము దగ్గర తామర ఒక ట్యూబు మందు రాస్తే నాలుగు రోజుల్లో తగ్గి, మళ్లీ ఇంకా పెద్దదిగా వస్తోందని రాశారు. ముందు ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్ లాంటి పేర్లు కనిపిస్తే చిక్కు అక్కడే ఉంది. అవి స్టెరాయిడ్లు. దురద, ఎరుపు వెంటనే తగ్గిస్తాయి కానీ చర్మం రక్షణశక్తిని అణచివేస్తాయి, తామర తెచ్చే ఫంగస్ హాయిగా పాకుతుంది. తామర అనగానే ఇలా స్టెరాయిడ్ కలిపిన మిశ్రమాన్ని చేతిలో పెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఫంగస్ కణం పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది, మన కణాల్లో ఆ చోట కొలెస్ట్రాల్ ఉంటుంది. టెర్బినాఫిన్, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందులు ఆ ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకుంటాయి. ఫంగస్ దెబ్బతినేది అందుకే.

ఇంట్లో మిగిలిన ఎసైక్లోవిర్ మాత్రలు వేయవచ్చా అన్నారు. వద్దు. అది సర్పి, ఆటలమ్మ తెచ్చే హెర్పిస్ జాతి వైరస్‌ల మందు. ఆ వైరస్ ఎంజైమే దాన్ని చురుకైన రూపంలోకి మారుస్తుంది, అప్పుడది వైరస్ డీఎన్‌ఏ తయారీని ఆపుతుంది. తామరకు దానితో పని లేదు.

చర్మవైద్యులకు ఆ ట్యూబు తప్పకుండా చూపించండి. మచ్చ అంచున పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. వైద్యులు చీటీలో ఇట్రాకొనజోల్ రాస్తే, మీ తమ్ముణ్ని తను వాడే మిగతా మందులన్నీ చెప్పమనండి, కొన్నిటితో అది పడదు. మచ్చ మాయమైనా వైద్యులు చెప్పిన రోజులు పూర్తిగా వాడాలి. తువ్వాలు వేరుగా ఉంచండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వారినీ వెంట తీసుకెళ్లండి.