స్కీ కొనే ముందు కాగితం పరీక్ష: క్రాస్ కంట్రీపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాకు దగ్గర్లోని క్రాస్ కంట్రీ (చదును నేల, చిన్న ఎత్తుపల్లాల మంచు మీద చేసే స్కీయింగ్) ట్రెయిల్‌లో ఒక పక్కన రెండు సన్నని గాళ్లు, వాటి పక్కనే చదును చేసిన వెడల్పాటి దారి ఉన్నాయి. ఇంట్లో ముగ్గురం కొత్తగా నేర్చుకుందామనుకుంటున్నాం. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: గాళ్లు క్లాసిక్ పద్ధతి వాళ్లవి. రెండు స్కీలూ గాడిలోనే ఉంచి, నడకలాగే ఒక్కో కాలు ముందుకు వేస్తూ జారుతారు. వెడల్పు దారి స్కేటింగ్ వాళ్లది. వాళ్లు స్కీల ముక్కులు ఎడంగా పెట్టి, ఒక్కో స్కీ లోపలి అంచు మీద నుంచి పక్కకు తోసుకుంటూ వెళ్తారు. ఈ రెండో పద్ధతి వయసు తక్కువే. అమెరికన్ స్కీయర్ బిల్ కోచ్ 1982లో ప్రపంచ కప్ గెలిచాక అది పోటీల్లోకి గట్టిగా చొచ్చుకొచ్చింది. దాని వేగానికి క్లాసిక్ నిలవలేకపోవడంతో ఆ దశకం మధ్యకల్లా పోటీలనే రెండుగా విడదీయాల్సి వచ్చింది.

మీ ముగ్గురూ క్లాసిక్‌తోనే మొదలుపెట్టండి. అలసిపోతే అందులో నడక వేగానికి దిగొచ్చు. స్కేటింగ్‌లో ఆ వెసులుబాటు ఉండదు. నిదానంగా చేస్తే జారుడు ఆగిపోతుంది, చిన్న ఎత్తు వచ్చినా ఊపిరి అందదు. పైగా గట్టిగా చదును చేసిన మంచు లేకపోతే స్కేటింగ్ సాగదు. కొత్త మంచు ఓ జానెడు పడిన రోజున కూడా క్లాసిక్ స్కీలు ఎలాగోలా ముందుకు తీసుకెళ్తాయి.

రెండింటికీ పనికొస్తాయని అమ్మే కాంబీ స్కీలు రెండు పనుల్లోనూ అరకొరే. కాంబీ బూట్ల సంగతి వేరు, అవి ఫరవాలేదు.

ప్రశ్న: నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఎత్తుకి 20 సెంటీమీటర్లు కలిపి స్కీ తీసుకోమని ఒకరు చెప్పారు. స్కీ కంపెనీ పట్టికలో నా బరువుకి అంతకంటే పొడవైనది ఉంది. ఏది సరైనది?

జవాబు: కంపెనీ పట్టిక. క్లాసిక్ స్కీకి ఎత్తు మీద 15 నుంచి 25 సెంటీమీటర్లు, స్కేటింగ్ స్కీకి 5 నుంచి 15 సెంటీమీటర్లు కలపడమన్నది తొలి అంచనా మాత్రమే. స్కీకి మీ ఎత్తు తెలియదు, దాని మీద పడే బరువే తెలుసు.

క్లాసిక్ స్కీని నేల మీద పెట్టి పక్క నుంచి చూడండి. నడుమ విల్లులా పైకి లేచి ఉంటుంది. ఆ లేచిన చోటు కిందే మంచును పట్టుకునే భాగం ఉంటుంది. అది వ్యాక్స్ (మైనం) పూత కావచ్చు, చేపపొలుసుల్లాంటి గీతలు కావచ్చు, వెంట్రుకల పట్టీ కావచ్చు. రెండు కాళ్ల మీద సమానంగా నిలబడి జారుతున్నప్పుడు ఆ భాగం మంచుకు తగలకూడదు. ఒక్క కాలి మీద బరువంతా వేసి తన్నినప్పుడు మాత్రం పూర్తిగా అణగాలి. స్కీ మీ బరువుకి మరీ గట్టిదైతే ఎంత తన్నినా నడుము అణగదు, ప్రతి అడుగుకీ వెనక్కి జారతారు. మరీ మెత్తనిదైతే పట్టు భాగం ఎప్పుడూ మంచును రాస్తూనే ఉంటుంది, వాలులో కూడా స్కీ ఈడ్చుకుంటూ పోతుంది.

దీన్ని కొనే చోటే తేల్చుకోవచ్చు. కావలసిందల్లా చదునైన గట్టి నేల, ఒక పలచని కాగితం, కాగితం జరపడానికి తోడు ఒక మనిషి. స్కీకి ఇంకా బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) బిగించకపోతే దాన్ని వేలి మీద నిలబెట్టి తూకం కుదిరే చోట గుర్తు పెట్టండి. కాలివేళ్ల కొసలు ఆ గీత దగ్గరికి వచ్చేలా రెండు స్కీల మీదా సమానంగా నిలబడండి. ఇప్పుడు అడుగున పెట్టిన కాగితం మడమ దగ్గర నుంచి కాలివేళ్లకు 25–40 సెంటీమీటర్ల ముందు వరకూ అడ్డం లేకుండా కదలాలి. తర్వాత బరువంతా ఒక్క స్కీ మీదకి తెచ్చి, పాదం ముందు భాగాన్ని నొక్కండి. కాగితం కదలకుండా చిక్కుకుపోవాలి. మొదటి దాంట్లోనే ఇరుక్కుంటే స్కీ మెత్తన. రెండో దాంట్లో కూడా జారిపోతుంటే గట్టిది.

పరీక్ష రోజు స్కీయింగ్‌కి మామూలుగా వేసుకునే బట్టల్లోనే ఉండండి. నీళ్లూ తిండీ ఉన్న సంచి ఎప్పుడూ వీపున ఉండేదైతే దాన్నీ తగిలించుకోండి. నాలుగైదు కిలోల తేడాకే ఫలితం మారిపోతుంది. రెండు గట్టిదనాల మధ్య ఊగిసలాట వస్తే కొత్తవాళ్లు మెత్తనిదే తీసుకోవాలి. కాస్త నెమ్మదిగా జారే స్కీతో నేర్చుకోవచ్చు, పట్టు దొరకని స్కీతో నేర్చుకోలేరు.

వెడల్పు కూడా చూడండి. గాడిలో నడిచే స్కీ 60 మిల్లీమీటర్ల లోపు ఉంటే హాయి. 70 దాటితే అంచులు గాడి గోడలను రాస్తాయి. ఇనుప అంచుల స్కీలు ట్రెయిల్ వదిలి అడవిలోకి, గట్టి వాలుల్లోకి వెళ్లేవాళ్లకి. గాడిలో అవి వట్టి బరువు.

ప్రశ్న: వ్యాక్స్ పూసే స్కీ, పొలుసుల స్కీ, స్కిన్ స్కీ. మూడింట్లో తక్కువ తలనొప్పి దేనితో?

జవాబు: పొలుసుల స్కీ అడుగున గీతలు అచ్చొత్తి ఉంటాయి. తడి మంచులో, సున్నా డిగ్రీల చుట్టుపక్కల బాగా పనిచేస్తుంది. గట్టి ఐసు మీద పట్టు తగ్గుతుంది, జారేటప్పుడు బుర్రుమని చప్పుడు చేస్తుంది. స్కిన్ స్కీకి నడుమ మొహెయిర్ (అంగోరా మేక వెంట్రుకల) పట్టీ ఉంటుంది. పిల్లి వీపు నిమిరినట్టు ఒక దిశలో నున్నగా పోతుంది, వెనక్కి తంతే వెంట్రుకలు నిక్కబొడుచుకుని పట్టుకుంటాయి. గట్టిపడిన పాత గాళ్లలో పొలుసుల కంటే ఇదే నమ్మకం. చప్పుడూ ఉండదు. వారాంతాల్లో మాత్రమే వెళ్లేవాళ్లకి మా ఓటు స్కిన్ స్కీకే.

దాని ఒకే ఒక్క బెడద గడ్డకట్టడం. ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా ఉండి తాజా మంచు పడుతుంటే, పట్టీ తడిసి, నీడలోని చల్లటి మంచులోకి వెళ్లగానే దాని మీద ఐసు పేరుకుంటుంది. అప్పుడు స్కీ కింద దిమ్మ కట్టినట్టే. బయల్దేరే ముందే పట్టీకి యాంటీ ఐసింగ్ ద్రవం రాసి ఆరనిస్తే చాలావరకు తప్పుతుంది. దారిలో ఆగి నిలబడకుండా స్కీలను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉండాలి. ఈ పట్టీకి మామూలు వ్యాక్స్ ఎప్పుడూ తగలనివ్వకండి.

స్థిరమైన చలి ఉండే చోట అన్నిటికంటే బాగా పనిచేసేది వ్యాక్స్ స్కీ. ఓపిక కూడా దానికే ఎక్కువ కావాలి. మూడు రకాల్లో ఏది కొన్నా ముందూ వెనకా ఉన్న నున్నటి భాగాలకు గ్లైడ్ వ్యాక్స్ (జారుడు కోసం పూసేది) తప్పదు. “వ్యాక్స్ అక్కర్లేని స్కీ” అన్న మాట నమ్మి ఏమీ పూయకుండా వాడితే అడుగుభాగం పొడిబారి తెల్లబడుతుంది, జారుడు సగం పోతుంది. నాలుగైదుసార్లు వెళ్లాక ఒకసారి ద్రవ వ్యాక్స్ రాసి, ఆరాక తుడిస్తే ఇంటివాడకానికి సరిపోతుంది.

ప్రశ్న: పట్టు వ్యాక్స్ (కిక్ వ్యాక్స్) పూసినా చిన్న ఎత్తుల దగ్గరే వెనక్కి జారిపోతున్నాను. ఎక్కడ పొరపాటు?

జవాబు: మూడు చోట్ల వెతకండి. మొదటిది వ్యాక్స్ రంగు. స్థూలంగా గట్టి చలికి ఆకుపచ్చ, మామూలు చలికి నీలం, సున్నా దగ్గర ఊదా, దాటితే ఎరుపు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క కాబట్టి డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రతనే చూడండి. కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐసు గాడిలో వీటిలో ఏదీ నిలవదు. దానికి ట్యూబులో వచ్చే జిగురు, క్లిస్టర్, కావాలి.

రెండోది పూసే తీరు. ఒకే మందపాటి పూత పనికిరాదు. మడమ దగ్గర నుంచి బైండింగ్‌కు ఓ జానెడున్నర ముందు వరకు పలచగా రాసి, బెండుతో (కార్క్) రుద్ది నున్నగా చేసి, దాని మీద మళ్లీ పలచగా రాయాలి. అలా నాలుగు పూతలు. తర్వాత స్కీలను పది నిమిషాలు బయట చల్లారనివ్వాలి. గదిలోని వెచ్చటి వ్యాక్స్‌తో నేరుగా మంచు మీద అడుగుపెడితే మంచు అంటుకుని ముద్ద కడుతుంది. అయినా జారుతుంటే ముందు అదే రంగు మరో రెండు పూతలు వేయండి, లేదా పూతను నాలుగు వేళ్ల మేర ముందుకు పొడిగించండి. అప్పటికీ కుదరకపోతేనే ఒక మెట్టు మెత్తటి రంగుకు వెళ్లండి. మెత్తటి వ్యాక్స్‌ను గట్టిదాని మీద పూయొచ్చు. గట్టిదాన్ని మెత్తటిదాని మీద పూస్తే నిలవదు, ముందుదాన్ని గీకేయాలి.

మూడోది మీ కాలు. చాలామంది పాదం వెనక్కి వెళ్లిపోయాక తంతారు. అప్పటికే ఆలస్యం. రెండు పాదాలూ పక్కపక్కకు వచ్చిన క్షణంలో బరువంతా ఒక కాలి మీద వేసి కిందకి నొక్కాలి. ఎత్తు పెరిగేకొద్దీ అడుగు చిన్నది చేయండి, నడుము వంచి ముందుకు వాలకండి. అలా వాలితే బరువు స్కీ నడుమ నుంచి తప్పుకుంటుంది. ఎత్తు మరీ నిటారుగా ఉంటే మొహమాటం లేకుండా గాడి దిగి, స్కీల ముక్కులు ఎడంగా, తోకలు దగ్గరగా పెట్టి, లోపలి అంచుల మీద ఎక్కండి.

ప్రశ్న: పాత బూట్లు ఒక జత చవగ్గా దొరికాయి. ఏ స్కీకైనా సరిపోతాయా?

జవాబు: సరిపోవు. అడుగు తిప్పి చూడండి. ఎన్‌ఎన్‌ఎన్ (న్యూ నార్డిక్ నార్మ్ అనే బైండింగ్ పద్ధతి) రకం బూటుకి వేళ్ల కింద ఒక సన్నని ఇనుప కడ్డీ, అడుగు పొడవునా రెండు గాడులు ఉంటాయి. ప్రోలింక్, టర్నామిక్ బైండింగ్‌లకూ ఇదే బూటు కుదురుతుంది. పాత ఎస్‌ఎన్‌ఎస్ బూట్లకు మధ్యలో ఒకటే వెడల్పు గాడి. అవి వేరే కుటుంబం, ఎన్‌ఎన్‌ఎన్‌లో పట్టవు. పేరులో బీసీ అని ఉన్నది అడవి బాటల కోసం లావు కడ్డీతో చేసింది. అది మామూలు ఎన్‌ఎన్‌ఎన్‌లో కూడా దూరదు.

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న బూటు పైకి కొత్తదానిలా కనిపించినా అడుగు పెళుసుబారి ఉండొచ్చు. వేళ్ల దగ్గర గట్టిగా వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, జిగురు విడుస్తున్నా వదిలేయండి. ట్రెయిల్ మధ్యలో అడుగు ఊడితే స్కీలు భుజాన వేసుకుని నడిచి రావాల్సిందే.

కొత్తవైతే డబ్బులో పెద్ద భాగం బూట్ల మీద పెట్టండి, స్కీల మీద కాదు. ఒకే జత పలచటి ఊలు సాక్సుతో తొడగండి. వేళ్లు ఆడాలి, మునివేళ్ల మీద లేచినప్పుడు మడమ లోపల జారకూడదు. చలికని రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి.

ప్రశ్న: పోల్స్ (స్కీయింగ్ చేతికర్రలు) ఎంత పొడవు ఉండాలి?

జవాబు: క్లాసిక్‌కి ఎత్తులో 83–85 శాతం, అంటే చంక కిందికి. స్కేటింగ్‌కి 89–90 శాతం, గడ్డానికీ పెదవికీ మధ్య. 165 సెంటీమీటర్ల మనిషికి మొదటిది 137–140, రెండోది 147–148. రెండు సైజుల మధ్య పడితే క్లాసిక్‌కి పొట్టిదే మేలు. పోల్ పిడికున్న పట్టీలోకి చేతిని కింద నుంచి దూర్చి, పట్టీతో కలిపి పిడిని పట్టుకోండి. పై నుంచి దూరిస్తే బరువంతా వేళ్ల మీద పడుతుంది.

ప్రశ్న: ఎంత చలికి ఎన్ని బట్టలు వేసుకోవాలి?

జవాబు: కొత్తవాళ్లంతా ఎక్కువే వేసుకుంటారు. బయల్దేరినప్పుడు కాస్త వణకాలి, పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ఒంటికి ఆనుకుని ఊలు లేదా పాలిస్టర్ పొర, పైన ముందువైపు గాలి ఆపే పలచటి జాకెట్ చాలు. నూలు బనియన్, జీన్స్ వద్దు. చెమటతో తడిసిన నూలు ఆరదు, ఆగిన మరుక్షణం ఒళ్లు గడ్డకడుతుంది. సంచిలో ఆగినప్పుడు వేసుకోవడానికి ఒక మందపాటి కోటు, పొడి చేతితొడుగులు ఉంచుకోండి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య సైతం మైనస్ 20 డిగ్రీలు దాటిన చలిలో పోటీలు జరపదు. మీకూ ఆ గీత మంచిదే.

ప్రశ్న: దిగుడు వాలు చూస్తే భయం. గాడిలో బ్రేకు ఎలా?

జవాబు: వాలు మొదలవకముందే ఒక కాలిని గాడి బయటికి తీసి, ఆ స్కీ తోకను బయటికి నెట్టి లోపలి అంచు మీద నొక్కండి. రెండో కాలు గాడిలోనే ఉండి దారి చూపిస్తుంది. వేగం ఇంకా మిగిలితే రెండు కాళ్లూ బయటికి తీసి, రెండు తోకలూ ఎడంగా పెట్టి నొక్కాలి. వేగం అందుకున్నాక గాడి నుంచి బయటపడటం కష్టం కాబట్టి నిర్ణయం పైనే తీసుకోండి. మోకాళ్లు వంచే ఉంచండి. తప్పదనిపిస్తే పక్కకీ వెనక్కీ కూలబడండి, చేతులు ముందుకు చాపకండి. లేచేటప్పుడు స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, మీకు దిగువన ఉండేలా తిప్పుకుని, మోకాళ్ల మీదకి వచ్చి లేవండి. గాడిలో మీరు చేసిన గొయ్యిని పూడ్చి వెళ్లండి. వెనక వచ్చేవాళ్ల స్కీ అందులోనే దిగబడుతుంది. పై నుంచి దిగుతున్నవాళ్లకే దారి హక్కు, ఎక్కేవాళ్లే పక్కకు తప్పుకోవాలి. కాలినడకన వెళ్లేవాళ్లు, కుక్కలు గాళ్లలో అడుగుపెట్టకూడదు.

ప్రశ్న: సీజన్ అయ్యాక స్కీలను జతకట్టి గట్టిగా బిగించి పెట్టొచ్చా?

జవాబు: నడుమ బిగించొద్దు, నెలల తరబడి నొక్కుకుని ఉంటే విల్లు చచ్చిపోతుంది. పట్టు వ్యాక్స్ పూర్తిగా తుడిచి, నున్నటి భాగాలకు గ్లైడ్ వ్యాక్స్ మందంగా పూసి గీకకుండా అలాగే వదిలేయండి. ముక్కుల దగ్గర, తోకల దగ్గర వదులుగా కట్టి, ఎండా హీటరూ తగలని చోట నిలబెట్టండి.