రిఫరీల లాకౌట్ గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం అందింది, శ్రద్ధగా చదివాను. 2012లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కీ, దాని రిఫరీలకూ మధ్య నడిచిన గొడవను తీసుకున్నావు. మొదటి పెద్ద వ్యాసానికే ఇలాంటి విషయం ఎంచుకున్నందుకు చాలా సంతోషం. ఆటల గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. ఆట నడిపించే మనుషుల జీతం, పెన్షన్, ఉద్యోగ భద్రత గురించి ఓపిగ్గా రాసేవాళ్లు మాత్రం చాలా తక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతోంది. ఇందులో మెచ్చుకోలు కంటే దిద్దుబాట్లే ఎక్కువ, ఏమీ అనుకోకు.

నువ్వు సియాటిల్ మ్యాచ్‌తో మొదలుపెట్టావు. సెప్టెంబర్ 24, సోమవారం రాత్రి. గ్రీన్ బే ప్యాకర్స్ 12–7తో ముందుంది. ఆఖరి క్షణాల్లో సియాటిల్ జట్టు సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) రసెల్ విల్సన్ బంతిని ఎండ్ జోన్‌లోకి, అంటే మైదానం చివర స్కోరు చేసే భాగంలోకి, ఎత్తి విసిరాడు. సీహాక్స్ ఆటగాడు గోల్డెన్ టేట్, ప్యాకర్స్ ఆటగాడు ఎం.డి. జెన్నింగ్స్ ఇద్దరూ దాన్నే పట్టుకుని కింద పడ్డారు. అసలు రిఫరీలకు బదులుగా లీగ్ తెచ్చినవాళ్లే ఆ రాత్రి మైదానంలో ఉన్నారు. దగ్గరకు వచ్చిన ఇద్దరు రిఫరీల్లో ఒకరు టచ్‌డౌన్ (సీహాక్స్‌కు స్కోరు) అని చేతులు పైకెత్తారు, రెండోవారు గడియారం ఆపమన్నట్టు చేతులు ఊపారు. చివరికి సీహాక్స్ 14–12తో గెలిచింది. అంతకుముందే టేట్ చేసిన ఫౌల్‌ను రిఫరీలు ఇవ్వాల్సిందని మర్నాడు లీగే ఒప్పుకుంది. ఫలితాన్ని మాత్రం మార్చలేదు. ఆ మరుసటి రాత్రికే రిఫరీల యూనియన్‌తో ఒప్పందం కుదిరింది.

బాగా రాశావు. కానీ నీ వ్యాసంలో సగానికి పైగా ఇదే ఉంది. దీన్ని ఒక్క పేరాకు కుదించి, వెనక్కి జరుపు. ఈ గొడవ ఆ రాత్రి పుట్టలేదు, ఆ రాత్రికి అందరి కంటా పడిందంతే. లీగ్ తన 121 మంది రిఫరీలను జూన్‌లోనే పనిలోకి రానివ్వకుండా బయట నిలబెట్టింది. ఆ మూడు నెలలకు పైగా ఏం జరిగిందో, అసలు తగవు దేని మీదో నీ వ్యాసం చదివినవాడికి తెలియడం లేదు. ఆ క్యాచ్ వీడియో ఎవరికైనా దొరుకుతుంది. ఒప్పందంలో ఏముందో విడమర్చి చెప్పేవాళ్లు దొరకరు. నీ పని అక్కడుంది.

ముందు ఒక పొరపాటు దిద్దు. రెండు మూడు చోట్ల ‘రిఫరీల సమ్మె’ అని రాశావు. వాళ్లు సమ్మె చేయలేదు. పాత ఒప్పందం గడువు తీరిపోయింది, కొత్తది కుదరలేదు, లీగ్ తలుపులు మూసింది. అది లాకౌట్. తలుపు మూసిందెవరో తెలియకపోతే పాఠకుడు తప్పు మనిషి మీద కోపం తెచ్చుకుంటాడు. అమెరికాలో ఇది చట్టవిరుద్ధమూ కాదు. బేరసారాల్లో తన మాట నెగ్గించుకోవడానికి యజమాని లాకౌట్ చేయవచ్చని 1965లో ఒక ఓడల మరమ్మతు కంపెనీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఒక్క వాక్యం చేరిస్తే లీగ్ అంత ధైర్యంగా ఎందుకుందో అర్థమవుతుంది.

ఇక అసలు తగవు. నువ్వు ‘జీతాల పెంపు కోసం’ అని రాసి వదిలేశావు. జీతం గొడవ ఉంది, కానీ ముడి బిగిసింది పెన్షన్ దగ్గర. అప్పటిదాకా ఉన్న పద్ధతిలో రిటైరైన రిఫరీకి ఇంత పెన్షన్ అని లీగ్ హామీ ఇచ్చేది. మార్కెట్ పడిపోయి పెన్షన్ నిధిలో లోటు వస్తే పూడ్చాల్సింది లీగే. దాన్ని ఆపేసి 401(కె) తరహా ఖాతాకు, అంటే ఉద్యోగి పేరు మీద ఉండే రిటైర్మెంట్ పొదుపు ఖాతాకు, మారుద్దామని లీగ్ పట్టుబట్టింది. అందులో లీగ్ ఏటా కొంత డబ్బు ఖాతాలో వేస్తుంది, అక్కడితో దాని బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత డబ్బు పెరిగినా తరిగినా ఆ రిఫరీ అదృష్టం. చూడ్డానికి లెక్కల వ్యవహారంలా ఉంటుంది కానీ ముసలితనంలో నష్టం వస్తే ఎవరు భరించాలనేదే ఇక్కడ ప్రశ్న. దీని మీద కనీసం రెండు పేరాలు రాయి. వడ్డీలు, పట్టికలు వద్దు. యాభై దాటిన ఒక మనిషికి ఈ మార్పు వల్ల రేపు ఏం తేడా వస్తుందో చెప్పు చాలు.

లీగ్ వాదనను నువ్వు ఒక్క ముక్కలో కొట్టిపారేశావు. అది నాకు నచ్చలేదు. నీ మనసు రిఫరీల వైపు ఉందని తెలుస్తోంది, నా మనసూ అటే. అయినా అవతలి వాదనను దాని పూర్తి బలంతో రాయాల్సిందే. లీగ్ ఏమంది? వీళ్లు పార్ట్‌టైమ్ పనివాళ్లు. చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి. అందరికీ తెలిసిన రిఫరీ ఎడ్ హోకులీ వృత్తిరీత్యా లాయరు. 2011లో వీళ్ల సగటు ఆదాయం 1,49,000 డాలర్లు. మా ఆఫీసుల్లో పూర్తికాలం పనిచేసే ఉద్యోగులకే పాత తరహా పెన్షన్ తీసేస్తుంటే, ఏడాదిలో కొన్ని నెలలు పనిచేసేవాళ్లకు ఎందుకివ్వాలి? ఇది పస లేని ప్రశ్న కాదు. చదివేవాడికి కూడా వచ్చే ప్రశ్నే. దాన్ని నువ్వే ముందు అడిగి, తర్వాత యూనియన్ జవాబు రాయి. ఏటా దాదాపు 900 కోట్ల డాలర్ల రాబడి ఉన్న లీగ్‌కు ఈ పెన్షన్ ఖర్చు ఏపాటిదన్నారు వాళ్లు. ఆ హామీని నమ్ముకుని ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఇప్పుడు షరతులు మారుస్తారా అన్నారు. నాకు ఆ రెండో మాటే బలంగా అనిపిస్తుంది. నీకు వేరేలా అనిపించినా పరవాలేదు, ఎందుకో రాయి.

డబ్బుతో సంబంధం లేని పట్టు ఇంకొకటి కూడా ఉంది. నీ వ్యాసంలో దాని ఊసే లేదు. మూడు జట్లు, అంటే 21 మంది రిఫరీలను అదనంగా తీసుకుని, సరిగ్గా పనిచేయనివాళ్ల స్థానంలో వాళ్లను దించాలని లీగ్ కోరింది. నాణ్యత పెంచడానికే అంది. రిఫరీలకు అందులో వేరేది కనిపించింది. ఎప్పుడు ఎవరిని పక్కన పెడతారో తెలియని టెన్షన్‌లో మైదానంలో నిక్కచ్చిగా నిర్ణయాలు తీసుకోవడం ఎలా? రెండు వాదనలూ నిజాయితీవే కావచ్చు. ఇలాంటి చోట తొందరపడి తీర్పు చెప్పకు.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన భాగానికి వస్తాను. బదులుగా వచ్చిన రిఫరీల గురించి నువ్వు రాసిన మాటలు. ‘అసమర్థులు’ అన్నావు, వాళ్ల తప్పులు వరసగా పేర్చి నవ్వించావు. తప్పులు జరిగాయి, కాదనను. టైటాన్స్–లయన్స్ మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో శిక్షను తప్పు గీత నుంచి లెక్కపెట్టి, 15 గజాలకు బదులు 27 గజాలు ఇచ్చేశారు. అదే రోజు ఇంకో మ్యాచ్‌లో నిబంధనలు ఒప్పుకోని రివ్యూలను శాన్ ఫ్రాన్సిస్కో కోచ్‌కు ఇచ్చారు. కానీ వాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారో చూడు. పెద్ద కాలేజీ లీగుల రిఫరీలు రాలేదు. చిన్న కాలేజీల్లో, హైస్కూళ్లలో, చిన్నాచితకా లీగుల్లో పనిచేసేవాళ్లు వచ్చారు. వాళ్లు అంతకుముందు ఎన్నడూ చూడని వేగం అది. అలాంటివాళ్లను నేరుగా తెచ్చి ఈ మ్యాచ్‌ల మధ్య నిలబెట్టింది లీగ్. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు టీవీ తెరమీద కనిపించరు, ఈల పట్టుకున్నవాడు కనిపిస్తాడు. కనిపించేవాణ్ణి తిట్టడం తేలిక.

యూనియన్ వైపు నుంచి చూస్తే వాళ్లు చేసింది తప్పే, ఆ మాట కూడా దాచకు. పని కోల్పోయిన తోటివాళ్ల స్థానంలోకి వెళ్లారు. కానీ వాళ్లలో షానన్ ఈస్టిన్ ఉంది. సెప్టెంబర్ 9న లయన్స్–రామ్స్ మ్యాచ్‌లో లైన్ జడ్జిగా నిలబడి, ఎన్‌ఎఫ్‌ఎల్ రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లో పనిచేసిన మొదటి మహిళ అయింది. లీగ్ ఒక మహిళను శాశ్వత రిఫరీగా తీసుకుంది 2015లో, సారా థామస్‌ను. లాకౌట్ లేకపోతే 2012లో ఈస్టిన్‌కు ఆ తలుపు తెరుచుకునేదా? ఆమెను హీరోయిన్ చేయనక్కర్లేదు, ద్రోహి చేయనక్కర్లేదు. ఆమె కథకు ఒక పేరా ఇస్తే నీ వ్యాసం ఇప్పుడున్నంత తేలిగ్గా ఒక పక్షం పట్టలేదు. అదే నాకు కావాలి.

అభిమానుల కోపాన్ని యూనియన్‌కు మద్దతుగా రాశావు. అది కూడా సరి చూసుకో. సియాటిల్ మ్యాచ్ మర్నాడు అసలు రిఫరీలను వెనక్కి తెమ్మని ట్వీట్ చేసినవాళ్లలో విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ ఒకరు. గ్రీన్ బే ఆ రాష్ట్రంలోదే. ఆ ముందు ఏడాది ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్ల బేరసారాల హక్కులను బాగా కోసేసిన చట్టం తెచ్చిందీ ఆయనే. జనానికి కావలసింది సరైన నిర్ణయాలు. రిఫరీల పెన్షన్ మీద వాళ్లకు అభిప్రాయం ఉండాలనేమీ లేదు. ఇంకో సంగతి, అంత కోపంలోనూ చూడ్డం ఎవరూ మానలేదు. పాత క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్ రెండో వారంలోనే టీవీలో ఈ మాట చెప్పాడు. ఎలా నడిపినా ఈ ఆటకు గిరాకీ తగ్గదు కాబట్టి లీగ్‌కు తొందర లేదని. యూనియన్ చేతిలో ఉన్న బలం ఎంత తక్కువో అక్కడ తెలుస్తుంది. వాళ్ల విలువ వాళ్లు లేనప్పుడే తెలియాలి, అది కూడా ఓ మ్యాచ్ ఫలితం తారుమారయ్యేంత పెద్ద తప్పుతో తెలియాలి. అలాంటి తప్పు జరగకపోయి ఉంటే? ఈ ప్రశ్నకు నీ దగ్గర జవాబు ఉండక్కర్లేదు, కానీ పాఠకుడి ముందు పెట్టు.

ఎందుకంటే అది జరగని సందర్భాలున్నాయి. 1999లో మేజర్ లీగ్ బేస్‌బాల్ అంపైర్ల సంగతి చదువు. ఒప్పందం ప్రకారం సమ్మె చేయడానికి వీల్లేదు. అందుకని వాళ్ల యూనియన్ నాయకుడు రిచీ ఫిలిప్స్ మూకుమ్మడి రాజీనామాల ఎత్తు వేశాడు. జులైలో 57 మంది రాజీనామాలు ప్రకటించారు. లీగ్ బెదరలేదు, కింది స్థాయి లీగుల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం మొదలుపెట్టింది. చాలామంది రాజీనామాలు వెనక్కి తీసుకోవాలని పరుగెత్తారు. చివరికి 22 మంది రాజీనామాలను లీగ్ ఆమోదించింది. ఆ యూనియనే పోయి దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. నీ వ్యాసంలో ఈ సంగతి నాలుగు వాక్యాల్లో ఉన్నా చాలు, 2012లో రిఫరీలు ఎంత ప్రమాదం నెత్తిన పెట్టుకున్నారో తెలుస్తుంది.

నీ ముగింపు బాల్టిమోర్‌లో ఉంది. సెప్టెంబర్ 27న రావెన్స్–బ్రౌన్స్ మ్యాచ్‌కు అసలు రిఫరీలు మైదానంలోకి వస్తుంటే ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిజమే, నాకూ ఆ దృశ్యం ఇష్టం. కానీ అక్కడ ఆపితే రిఫరీలు గెలిచారనే అర్థం వస్తుంది. ఒప్పందం చదివితే అంత సూటిగా లేదు. ఎనిమిదేళ్ల ఒప్పందం. సగటు ఆదాయం 2013లో 1,73,000 డాలర్లకు, 2019 నాటికి 2,05,000 డాలర్లకు చేరేలా రాసుకున్నారు. అప్పటికే పనిచేస్తున్నవాళ్లకు పాత పెన్షన్ 2016 సీజన్ దాకా, లేదా ఇరవై ఏళ్ల సర్వీసు నిండేదాకా నడుస్తుంది, తర్వాత ఆగిపోతుంది. కొత్తగా చేరేవాళ్లకు మొదటి నుంచీ 401(కె) తరహా ఖాతానే. కొందరిని ఏడాది పొడవునా పూర్తికాలం పనిలోకి తీసుకునే హక్కు, అదనపు రిఫరీలను తీసుకుని తర్ఫీదు ఇచ్చే హక్కు లీగ్‌కు దక్కాయి.

అంటే లీగ్ అడిగిన ముఖ్యమైన మార్పు జరిగింది, కాస్త ఆలస్యంగా. దాని భారం ఎక్కువగా పడింది ఆ రోజుకి ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్ల మీద. వాళ్లు చర్చల గదిలో లేరు, వాళ్లకు ఓటు లేదు. ఒప్పందం 112–5 ఓట్లతో ఆమోదం పొందింది. యూనియన్‌ను తప్పుపట్టమని కాదు, జీతాలు ఆగిపోయిన మనుషులు ఎంతకాలం నిలబడగలరు? కానీ ఏ కార్మిక ఒప్పందం గురించి రాసినా, సంతకం పెట్టే చోట లేనివాళ్ల కోసం వెతుకు. చాలాసార్లు ఒప్పందం ధర వాళ్లే చెల్లిస్తారు. నీ వ్యాసానికి ముగింపు ఇక్కడ ఉందని నా నమ్మకం.

సమాచారం విషయంలో ఒక జాగ్రత్త. చర్చలు నడిచే రోజుల్లో రెండు వైపుల నుంచీ వచ్చే ప్రకటనలు కూడా బేరంలో భాగమే. లీగ్ ‘ఇంత శాతం పెంచుతామన్నాం’ అంటే, ఆ శాతం ఎన్నేళ్లకు, పెన్షన్ కోత తీసేశాక మిగిలేదెంత అని అడుగు. యూనియన్ ‘మమ్మల్ని అవమానించారు’ అంటే, ఏ షరతు మీద అన్నారో అడుగు. చర్చల్లో కూర్చున్న ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) మధ్యవర్తుల గురించి రాసేటప్పుడు వాళ్లు తీర్పు చెప్పేవాళ్లు కాదని గుర్తుంచుకో. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, ఒప్పుకోవడం మానుకోవడం ఆ ఇద్దరి ఇష్టం. నీ వ్యాసంలో వాళ్లు జడ్జీల్లా కనిపిస్తున్నారు, మార్చు.

2019లో ఎన్‌ఎఫ్‌ఎల్, యూనియన్ మళ్లీ ఒప్పందం చేసుకున్నాయి, 2025 సీజన్ దాకా. దాని షరతుల్ని 2012 షరతుల పక్కన పెట్టి చదివి, రెండో ప్రతి రాయి. పొడుగైతే పొడుగు కానీ, కుదించడం తర్వాత చూసుకుందాం. రిఫరీలు శనివారం తమ అసలు ఉద్యోగం బట్టలు మార్చుకుని విమానం ఎక్కడం గురించి నువ్వు రాసిన పేరా మాత్రం ముట్టుకోకు, చాలా బాగుంది. రాయగానే పంపించు, ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
మీ అన్నయ్య