షుగర్ ఉన్నవాడికి ఆ కాగితం మీద నార్మల్ సరిపోదు

పర్లాకిమిడి

బాబూ,

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. కొలెస్ట్రాల్ మాత్ర ఆపేసి రెండు నెలలైంది, అయినా అన్నీ నార్మలే కదా అత్తా అని రాశావు. నార్మల్ కాదు నాయనా. ముందు మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, మధ్యలో మానేశానని దాచకుండా చెప్పి, ఆయన చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టు, తర్వాత ఈ ఉత్తరం తీరిగ్గా చదువుకో. నేను డాక్టర్ని కాను, కానీ రిటైరయ్యేదాకా ల్యాబ్‌లోనే పనిచేశాను, అంకెల పక్కన ఎక్కువ అనే గుర్తు లేదని ధీమాగా ఇంటికెళ్లిపోయిన షుగర్ పేషెంట్లని ఎంతోమందిని చూశాను.

ఆ కాగితం మీద కుడిపక్కన అచ్చేసి ఉంటుందే, టోటల్ కొలెస్ట్రాల్ 200 లోపు, ఎల్‌డిఎల్ అంటే చెడ్డ కొలెస్ట్రాల్ 130 లోపు అని, అది అందరికీ కలిపి వేసిన లెక్క. నీకు షుగర్ ఉంది, బీపీ ఉంది, మీ నాన్నకి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. నీలాంటివాడికి ఎల్‌డిఎల్ 70 లోపు ఉండాలి. ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లకీ స్టెంట్ వేసినవాళ్లకీ అయితే 55 లోపే అంటున్నారు. నీది 102. మాత్ర వేసుకునే రోజుల్లో 66 ఉండేది, పాత రిపోర్టు తీసి చూసుకో. కొలెస్ట్రాల్ తగ్గిపోయింది కదా అని మాత్ర ఆపితే, ఆ తగ్గింది మాత్ర వల్లేగా, కొన్ని వారాల్లో మళ్లీ పాత చోటికే వస్తుంది.

ఇంకో సంగతి, ఆ 102 కూడా నేరుగా కొలిచింది కాదు. మన చిన్న ఊళ్ల ల్యాబుల్లో చాలాచోట్ల టోటల్ నుంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డిఎల్‌ని, రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతుని తీసేసి ఎల్‌డిఎల్ వేస్తారు. నీకు 188 లోంచి 34, 52 పోతే 102. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నప్పుడు ఈ లెక్క ఎల్‌డిఎల్‌ని ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపిస్తుంది, 400 దాటితే అసలు పనికిరాదు. నీకు ట్రైగ్లిజరైడ్స్ 260. అవి పెరగడం, హెచ్‌డిఎల్ పడిపోవడం, ఈ రెండూ షుగర్ ఉన్నవాళ్లలో మామూలుగా కలిసే వస్తాయి.

అందుకే నువ్వు ముందు చూసుకోవలసిన అంకె నాన్ హెచ్‌డిఎల్. కాగితం మీద లేకపోయినా నువ్వే వేసుకోవచ్చు. టోటల్‌లోంచి హెచ్‌డిఎల్ తీసెయ్, అంతే. నీకు 154 వస్తుంది, ఉండవలసింది 100 లోపు. ఎల్‌డిఎల్ ఒక్కటే చూస్తే కాస్త ఎక్కువేలే అనిపించేది ఇక్కడ ఎంత తేడాగా ఉందో చూశావా? దీనికి పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్లాల్సిన పని కూడా లేదు.

అపోబి అని ఇంకో టెస్టు ఉంది. నువ్వు కొట్టు నడుపుతావు కాబట్టి ఇలా చెబుతాను. క్వింటా బియ్యాన్ని రెండు పెద్ద బస్తాల్లో పోసినా, పది చిన్న సంచుల్లో పోసినా తూకం ఒకటే, సంచుల లెక్కే వేరు. ఎల్‌డిఎల్ అంకె చెప్పేది తూకం. రక్తనాళం గోడలోకి దూరేవి సంచులు, అంటే కొలెస్ట్రాల్‌ని మోసే కణాలు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ కణాలు చిన్నవిగా, ఎక్కువగా ఉంటాయి, అందుకని తూకం బాగానే ఉన్నట్టు కనిపించినా ముప్పు ఉంటుంది. ఒక్కో కణం మీద అపోబి అనే ప్రొటీన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆ టెస్టుతో కణాల లెక్క తేలుతుంది. రాయగడలో చెయ్యకపోతే వైజాగ్ వెళ్లినప్పుడు డాక్టర్ని అడుగు. దానికోసం ప్రత్యేకంగా రైలెక్కక్కర్లేదు, నాన్ హెచ్‌డిఎల్ చాలావరకు ఆ పని చేస్తుంది.

మాత్ర వల్ల షుగర్ పెరుగుతుందట అని అడిగావు. కొద్దిగా పెరుగుతుంది, నిజమే. కానీ గుండెకి జరిగే మేలు దానికన్నా చాలా ఎక్కువ. గుండెజబ్బు లేని షుగర్ పేషెంట్లు 2,800 మందికి పైగా తీసుకుని బ్రిటన్, ఐర్లండ్‌లలో అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర 10 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు, 2004లో ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు 37 శాతం తగ్గాయి, మేలు స్పష్టంగా కనబడిందని ఆ పరీక్షని గడువుకి ముందే ఆపేశారు. వాళ్లెవరికీ మొదట్లో కొలెస్ట్రాల్ మరీ ఎక్కువ లేదు, ఇది గుర్తుపెట్టుకో. కండరాల నొప్పులొస్తే నీ అంతట నువ్వు మానెయ్యకు, డాక్టర్‌కి చెప్తే మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే మాత్ర ఇస్తారు.

తిండి గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలియనిది కాదు. నూనె ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదు అని రాస్తే మురిసిపోకు, గింజల నూనెల్లో వేటిలోనూ అది ఉండదు. నీ ట్రైగ్లిజరైడ్స్‌ని పెంచేవి రాత్రి పెద్ద కంచం నిండా అన్నం, కొట్లో కూర్చుని నములుతూ ఉండే మురీలు మిక్చరు, శనివారం సాయంత్రం మందు. మందు మానేస్తే ఆ 260 ఎంత తొందరగా దిగుతుందో నువ్వే చూస్తావు. చోడి అంబలి మంచిదే, కానీ అదీ పిండిపదార్థమే, గిన్నెలు గిన్నెలు తాగితే షుగర్ పెరుగుతుంది. గుడాకు మాత్రం రేపటి నుంచే ఆపాలి. పళ్లకి రాసుకుంటున్నానంతే అంటావు, అది పొగాకే నాయనా, చిగుళ్లలోంచి రక్తంలోకి పోతుంది.

గుండెపోటు వచ్చిన రోజున మీ నాన్నకి గుండెనొప్పి రాలేదు, అది నీకు తెలుసు. చెమటలు పట్టాయి, ఆయాసం వచ్చింది, గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడు. షుగర్ చాలాకాలం ఉంటే నరాలు దెబ్బతిని గుండె నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు. అందుకని ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, దవడ నొప్పి, ఎప్పుడూ లేనంత నీరసం వస్తే ఇంట్లో వాళ్లు 108కి ఫోన్ చెయ్యాలి, మీ ఆవిడకి ఈ ముక్క ఇవాళే చదివి వినిపించు.

మాత్ర మళ్లీ మొదలుపెట్టాక రెండు మూడు నెలల్లో లిపిడ్ టెస్టు చేయించు, దాంతోపాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో కూడా చూపించుకో, కిడ్నీలో తేడా ఉంటే గుండెకి ముప్పు ఇంకా పెరుగుతుంది. ఇంకొకటి, మీ తమ్ముడికి షుగర్ లేదని నిశ్చింతగా తిరుగుతున్నాడు. మీ ఇద్దరూ ఒక్కసారి లైపోప్రొటీన్ ఎ టెస్టు చేయించుకోండి, అది కొలెస్ట్రాల్ మోసే ఇంకో రకం కణం, పుట్టుకతో వచ్చేది, జీవితంలో ఒకసారి చూస్తే చాలావరకు సరిపోతుంది, డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే వాడు కూడా డాక్టర్ని కలవాలి. వాడు నా మాట వినడు, నువ్వు చెప్తే వింటాడు.

మీ మేనత్త